విమానం కిందికి మునిగిన ముసలాయన

సరిహద్దులో యుద్ధం నడుస్తున్న రోజులవి. హిమాయత్‌నగర్ ఊరికి దిగువన, జలాశయం ఒడ్డున నేను పాలకూర పండించేవాణ్ణి. నీళ్ల మీద దిగే చిన్న మిలిటరీ విమానం ఒకటి వారం రోజులుగా అక్కడే సాధన చేస్తోంది. దాని మోత వింటే నాకు ఒళ్లు మండేది. ఒక పొద్దున అది నీటిని తాకుతూనే పక్కకు ఒరిగి బోర్లా పడింది. కోసిన కూర కోసినట్టే వదిలేసి పరుగెత్తాను.

చేపలు పట్టే ముసలాయన, ఆయన భార్య అప్పటికే తమ పుట్టిని, అదే గుండ్రటి బుట్టపడవను, అటు తిప్పారు. నేనూ అందులోకి దూకాను. నాకు ఈత రాదు, నోరు మాత్రం ఊరుకోదు. ముసలాయన విమానం కిందికి మునిగాడు. తలుపు సందులోంచి ఒక చెయ్యి కనిపించగానే పట్టుకుని బలంకొద్దీ గుంజాను. ఆయన పైకి తేలి నా చెయ్యి విడిపించాడు.

"లాగకు బిడ్డా. చిక్కిందాన్ని ఇప్పాలె. లాగితే ఇంకింత బిగుస్తది."

నిజమే, ఆ మనిషి సీటు పట్టీల్లో తలకిందులుగా చిక్కుకుని ఉన్నాడు. వలకు చిరుగు పడకుండా చేపను విడదీసే ఆ వేళ్లే, కళ్లకు ఏమీ కనబడని నీళ్లలో పట్టీలు విప్పాయి. ముసలాయన మూడోసారి మునిగి ఆ మనిషిని పైకి తెచ్చాడు. అవ్వ అతన్ని బోర్లా పడుకోబెట్టి వీపు తడితే, నీళ్లు కక్కి ఊపిరి తీసుకున్నాడు. తీసుకోగానే రెండు వేళ్లు చూపించాడు.

లోపల ఇంకొకరున్నారు. ఒడ్డున జనం చప్పట్లు కొడుతూ ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు. ముసలాయన అటు తిరిగి కూడా చూడకుండా మళ్లీ మునిగాడు. ఎన్నిసార్లు మునిగాడో లెక్క తప్పింది. రెండో అతను దొరికేసరికి ప్రాణం లేదు. అంత ఓర్పుగల మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

మనిషి పోయిన నీళ్లలో పదో రోజు దాకా వల వేయకపోవడం వాళ్ల ఇంటి ఆనవాయితీ. మొయినాబాద్ అంగడికి చేపలు పోకపోతే పొయ్యి వెలగని ఇల్లది. సొంత మనిషి కాదు గదా, ఎందుకింత పట్టింపని అవ్వతో వాదించాను. ఆమె నాకు చాయ్ పోసి, వల మడిచి పక్కన పెట్టింది.

పదో రోజు బతికిన పైలట్ వాళ్ల గుడిసెకు వచ్చాడు. అతనికి తెలుగు రాదు, మధ్యలో నేనే హిందీలో చెబుతున్నాను. అతను వంగి ముసలాయన కాళ్లు పట్టుకున్నాడు. ముసలాయన అతన్ని లేపి పక్కన కూచోబెట్టుకుని నా వైపు తిరిగాడు.

"పోయిన పిల్లగాని తల్లి అన్నం తింటున్నదా, జర అడుగు బిడ్డా."

నేను పైలట్ వైపు తిరిగి, నా మాట ఒక్కటీ కలపకుండా హిందీలో అడిగాను.