పొలిమేర దగ్గరి వెదురు గుర్రాలు

కరీంనగర్‌లో కొత్త ఇల్లు కట్టుకున్నాక నాకు పాత సామాను పిచ్చి పట్టింది. హుస్నాబాద్ దగ్గరి మా పుట్టింటి అటక మీంచి చల్లకవ్వం తెచ్చాను, ఎడ్ల మెడగంటలు తెచ్చాను, చివరికి ఇసుర్రాయి కూడా తెచ్చి హాల్లో టీవీ పక్కన పెట్టాను. ఆ రాయి తిప్పి తిప్పి చేతులు కాయలు కాసిన మా అవ్వ దాన్ని చూసి, "నీకేం పుట్టిందే? గీ బండను తెచ్చి ఇంట్ల వెట్టినవు?" అంది. ఎవరి పిచ్చి వారికి ఆనందం అని నవ్వి ఊరుకున్నాను.

ఆ వానాకాలం మా తమ్ముడు దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. అక్కడ డ్రైవరు పని. వాడి గదిలో ఉండే ఒక ఆఫ్రికా మనిషి పంపిన వీడియో నాకు చూపించాడు. గడ్డి కప్పిన గుండ్రటి మట్టి ఇళ్లు, ఎర్రబట్టలు కట్టుకుని ఎగిరెగిరి ఆడే జనం, చుట్టూ ఫోన్లు పట్టుకున్న టూరిస్టులు. నాకు కళ్లు చెదిరాయి.

"ఎన్నో ఏండ్ల సంది ఆళ్ల ఊరికి గిట్ల బండ్లు వస్తున్నయట అక్కా. ఒక్కలు గూడ వాళ్ల అవ్వ పేరు అడగలేదట" అన్నాడు తమ్ముడు.

నేను ఆ మాట సరిగ్గా వినిపించుకోలేదు. "అంత దూరం ఎందుకురా? ఇచ్చోడ దాటితే మనకు లేవా గూడేలు? పొద్దున్నే పోయి చూసొద్దాం" అన్నాను. నాకు ఏదైనా అనిపించిందంటే ఆగదు. మర్నాడు తెల్లవారకముందే వాణ్ని లేపి కారు తీయించాను.

ముందురోజు పొలాల అమావాస్య. ఆదిలాబాద్ వైపు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి ఊరేగిస్తారని తెలుసు. అమావాస్య మర్నాడు గోండు గూడేల్లో ఏం చేస్తారో మాత్రం తెలియదు. తెలుసుకుందామని కూడా అనుకోలేదు.

ఇచ్చోడ దాటి బోథ్ వైపు కొంత దూరం పోయాక ఒక మట్టిబాట కనిపించింది. లోపల గూడెం ఉందని ఎవరో పశువుల కాపరి చెప్పాడు. మధ్యలో ఒక వాగు. పిక్కలోతు నీళ్లు కల్వర్టు మీంచి పారుతున్నాయి, తమ్ముడు మెల్లగా దాటించాడు. దాటగానే బాట పక్కన కుప్పగా పడి ఉన్న వెదురు కర్రలు చూసి, ఆపు ఆపు అని అరిచాను.

అవి పిల్లలు ఎక్కి నడిచే వెదురు గుర్రాలు. మనిషెత్తు కర్రకు మోకాలి ఎత్తులో అడుగు పెట్టడానికి అడ్డంగా చిన్న మెట్టు కడతారు. వానాకాలమంతా బురదలో వాటి మీదే తిరుగుతారు. ఒక జత మరీ ముచ్చటగా ఉంది, ఎవరో కత్తితో గీతలు గీసి పసుపు పూశారు. కుప్ప చుట్టూ అరిగిపోయిన చీపుళ్లు, వేపమండలు, కుంకుమ చల్లిన ఒక రాయి ఉన్నాయి.

అంతా కళ్ల ముందే ఉంది. కరీంనగర్‌లో మా వీధి మలుపున దిష్టి తీసి పడేసిన గుమ్మడికాయ కనబడితే నేను పక్కనుంచి తిరిగి పోతాను, మా పనిమనిషిని కూడా తొక్కనివ్వను. ఇక్కడ మాత్రం నాకు ఏమీ తట్టలేదు. ఇది వాళ్లది, మనకు అంటదు అని లోపల ఎక్కడో అనుకున్నానేమో.

"వద్దక్కా, ఎవలియో ఏమో" అన్నాడు తమ్ముడు.

"ఎవరివన్నా అయితే ఇట్ల పారేస్తరా? హాల్ల గోడకు పెడితే ఎంత బాగుంటయ్!" అన్నాను. ఆ జత డిక్కీలో పట్టలేదు. వెనక సీటు మీద అడ్డంగా పడుకోబెట్టి, కొసలు కిటికీ లోంచి బయటికి తీశాను.

గూడెం అక్కడికి కిలోమీటరు ఉంటుంది. పాతిక ఇళ్లు, వాకిళ్లు అద్దాల్లా అలికి ఉన్నాయి. ప్రతి గుమ్మానికీ ఏవో పచ్చి ఆకుల కట్టలు వేలాడుతున్నాయి. మొదటి ఇంటి పెద్దామె మమ్మల్ని చూసి "రాం రాం బాయి" అంటూ మంచం వాల్చింది. కాళ్లకు నీళ్లిచ్చింది. మేమెవరమో అడగలేదు. ఇంటి మగవాళ్లు పొద్దున్నే మందు చెట్ల కోసం అడవికి పోయారట. గుంజకు ఆనుకుని ఆమె కోడలు కూర్చుని ఉంది. నిండు చూలాలు. నేను గుమ్మాన్ని ఫొటో తీశాను, గాదెను తీశాను, అడక్కుండానే ఆ పిల్లను కూడా తీశాను.

మూడో ఫొటోకు ఆ పిల్ల గుంజను రెండు చేతులా పట్టుకుంది. పెదవి కొరుక్కుంటోంది. అత్త పరుగున వచ్చి నడుము పట్టుకుంది. ఉమ్మనీరు పోయింది.

తమ్ముడు అంబులెన్సుకు ఫోన్ చేశాడు. పైన అడవిలో వాన పడుతోంది, వాగు దాటి లోపలికి రాలేము, మీరే రోడ్డు దాకా తీసుకురావాలి అన్నారు. వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఫికర్ చెయ్యకు పెద్దమ్మా, మా కారున్నది. వాగు పెరగకముందే దాటిపోదాం, పదండ్రి" అన్నాడు. పెద్దామె ముఖంలోకి ప్రాణం వచ్చింది. కోడలిని పట్టుకుని మెల్లగా నడిపించుకొచ్చింది. నేను పెద్ద ఉపకారం చేస్తున్నదానిలా ముందు నడిచి, వెనక తలుపు బార్లా తీశాను.

సీటు మీద ఆ కర్రలు. పెద్దామె అక్కడే ఆగిపోయింది.

కోడలిని రెండడుగులు వెనక్కి లాగి, తన వెనక నిలబెట్టుకుంది. చుట్టూ ఇళ్లలోంచి ఆడవాళ్లు వచ్చారు, వాళ్ల వెనక ఊరి పెద్ద అయిన పటేల్ వచ్చాడు. నెరిసిన మీసాలాయన. కారులోకి ఒకసారి చూశాడు.

"యాడ దొరికినయ్ బాయి?" అన్నాడు.

"వాగు కాడ. పారేసి ఉన్నయ్ గదా" అన్నాను. నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది.

"పారెయ్యలే. సాగనంపినం. పొద్దున డోలు గొట్టుకుంట పోయి, ఊర్లున్న రోగాలన్నిటిని ఆటి మీద ఎక్కిచ్చి పొలిమేర దాటిచ్చినం. ఇగ వచ్చే ఏడు దాక ఆటిని ఎవలు ముట్టరు."

అప్పుడు పెద్దామె మాట్లాడింది. "నిరుడు గీ వానల్లనే నా మనుమరాలు పోయింది. ఇరవై రోజుల పిల్ల. జ్వరమొచ్చింది. గా జ్వరాన్ని ఇయ్యాల పొద్దుగాల గొంతు పోయేటట్టు ఒర్లి తరిమి వచ్చిన. నువ్వు దాన్ని కార్ల కూసోవెట్టుకొని మల్ల తెచ్చినవు బాయి."

తమ్ముడు పరేషాన్ అయిపోయాడు. "గంతే గదా, తీసి అవతల పారేస్త" అంటూ ఒక కర్ర బయటికి లాగబోయాడు. ఆడవాళ్లందరూ ఒక్కసారిగా అరిచారు. ఊరి నేల మీద అది ఆనకూడదట. వాడు సగం లాగిన కర్రతో అలాగే నిలబడిపోయాడు.

నాకు కోపం వచ్చింది. తప్పు నాదైనప్పుడు నాకు కోపం మరీ ఎక్కువ వస్తుంది. "ముందు పిల్ల పానం జూడుండ్రి! రోగాలు కట్టెల మీద ఎక్కుతయా? వాగు పెరిగితే అప్పుడేం జేస్తరు?" అని గట్టిగా అన్నాను.

అత్త భుజం వెనక నుంచి ఆ పిల్లే పలికింది. ఒకదాని మీద ఒకటి వస్తున్న నొప్పుల మధ్య, మాట కూడబలుక్కుని, "నాకు భయమైతుంది. గా సీట్ల నేను కూసోను. ఈడనే కంటా" అంది.

నమ్మకమా మూఢనమ్మకమా అని ఆమెతో వాదించే హక్కు నాకెక్కడిది? ఒక బిడ్డను మట్టిలో పెట్టిన తల్లి ఆమె. నేను గోడకు బొమ్మ కావాలని వచ్చినదాన్ని.

"ఏం జేయమంటరో చెప్పుండ్రి" అన్నాను పటేల్‌తో.

ఆయన ఎక్కువ ఆలోచించలేదు. "తెచ్చినోళ్లే తీస్కపోవాలె. బండి మీద గాదు, నడిచి. చెప్పులు ఇడువు. నేల మీద ఆననియ్యకు. నువ్వు పొలిమేరకు చేరినంక బండి కదులుతది. ఇయ్యాల నువ్వు మల్ల ఊర్లెకు రావద్దు." తర్వాత ఆడవాళ్లతో గోండులో ఏదో చెప్పాడు. వాళ్లు పసుపునీళ్లు, వేపమండలు తెచ్చి కారు కడగడానికి సిద్ధమయ్యారు.

రెండు కర్రలూ భుజాన వేసుకున్నాను. వెదురు తడిసి రాయిలా బరువెక్కింది. నా వయసు నలభై ఎనిమిది, మోకాళ్లు మెట్లెక్కితేనే మొరాయిస్తాయి. నేను ఎంత తొందరగా నడిస్తే ఆ పిల్ల అంత తొందరగా కారెక్కుతుంది. అది తప్ప ఇంకేమీ ఆలోచించకూడదనుకున్నాను. వాన మొదలైంది. నల్లరేగడి బురద కాళ్లకు చెప్పుల్లా అంటుకుని లేవనివ్వడం లేదు. పటేల్ ఇరవై అడుగుల వెనక వస్తున్నాడు, దగ్గరికి రావడం లేదు. సగం దారిలో కాలు జారింది. మోకాలి మీద పడ్డాను, కర్రలు మాత్రం రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాను. మోకాలు చిట్లి రక్తం కారుతోంది. "లెవ్ బాయి, లెవ్" అన్నాడు ఆయన వెనక నుంచి. వచ్చి లేపలేదు. లేపకూడదని నాకూ తెలుసు.

నాలుగడుగులకోసారి వెనక గూడెం వైపు చెవి పెట్టాను, కేకేమైనా వినిపిస్తుందేమోనని. ఆ పిల్లకు ఏమన్నా అయితే అది జ్వరం వల్లా కాదు, వాగు వల్లా కాదు. నా వల్ల. ఆ మాట నాకు నేను పైకే చెప్పుకున్నాను. దేవుళ్లందరికీ మొక్కాను, పేరు తెలియని వాళ్ల దేవుడికి కూడా మొక్కాను.

కుప్ప దగ్గర కర్రలు దించేసరికి వాగు రంగు మారింది. ఎర్రటి నీళ్లు, చెత్తా చెదారం కొట్టుకొస్తున్నాయి. కల్వర్టు రాళ్లు కనబడటం లేదు. పటేల్ నోటికి రెండు చేతులు అడ్డం పెట్టి గూడెం వైపు కేక వేశాడు. ఆ కేకను మధ్యలో ఎవరో అందుకున్నారు, అవతల ఇంకొకరు అందుకున్నారు. కాసేపటికి కారు మోత వినిపించింది.

కారు నా ముందు నుంచే పోయింది. తమ్ముడు నన్ను ఎక్కించుకుందామని వేగం తగ్గించాడు. వెనక అద్దంలోంచి పెద్దామె చెయ్యి ఆడించింది, ఆపవద్దని. నేను కూడా పొమ్మని చెయ్యి ఊపాను, బాట దిగి ముళ్లచెట్లలోకి జరిగి నిలబడ్డాను. ఆ పిల్ల కళ్లు మూసుకుని ఉంది.

కారు నీళ్లలోకి దిగింది. చక్రాలు మునిగాయి. మధ్యలో ఒక్కసారి పక్కకు జరిగినట్టయింది. పటేల్ "అగో" అన్నాడు. బండి గుర్రుమని మొరాయించి, మెల్లగా అవతలి గట్టుకు ఎక్కింది. నేను బురదలోనే కూలబడి ఏడ్చాను.

ఇక నేను వాగు దాటలేను, ఊళ్లోకి పోలేను. పటేల్ కూడా పోలేదు. అదే ఇరవై అడుగుల దూరంలో గొంగడి కప్పుకుని ఒక రాయి మీద కూర్చున్నాడు. ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు, వాన ఒకసారి వెలిసి మళ్లీ మొదలైంది. ఫోన్ చేతిలో పట్టుకుని, అది మోగితే ఎలా ఎత్తాలా అని భయపడుతూ కూర్చున్నాను.

మోగింది. తమ్ముడు. "అక్కా, ఆడపిల్ల. తల్లి పిల్ల ఇద్దరు మంచిగున్నరు. దవాఖాన మెట్ల కాడనే కన్నది. ఇంకో పది నిమిషాలు లేటైతే..." ఆ పది నిమిషాలు ఎవరు ఖర్చు చేశారో ఇద్దరికీ తెలుసు.

"ఆడపిల్ల! ఇద్దరు మంచిగున్నరు!" అని పటేల్‌కు వినబడేలా అరిచాను. ఆయన లేచి నిలబడి ఆకాశానికి రెండు చేతులెత్తాడు. తర్వాత గూడెం వైపు నడిచిపోయాడు. నన్ను వదిలేసి పోయాడనుకున్నాను. పోవాల్సిందే అనుకున్నాను కూడా.

అరగంటకు తిరిగొచ్చాడు. చేతిలో మోదుగాకుల పొట్లం, చెంబుతో నీళ్లు. మా ఇద్దరి మధ్య ఒక బండరాయి మీద వాటిని పెట్టి, మళ్లీ తన ఇరవై అడుగులు వెనక్కి జరిగాడు. పొట్లంలో జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయల తొక్కు. రొట్టెలు ఇంకా వేడిగా ఉన్నాయి.

"తిను బాయి" అన్నాడు. "వాగు తగ్గేదానికి పొద్దుగూకుతది. పండుగ నాడు మా ఊరికి వచ్చిన చుట్టానివి, ఉపాసం ఉండొద్దు."

చుట్టాన్ని కాదు, చూసిపోదామని వచ్చినదాన్ని అని చెప్పాలనుకున్నాను. తలవంచుకుని పోయి రొట్టె తీసుకున్నాను.