ఖాజా నోట వచ్చిన కన్నడం

మా ఎమ్మిగనూరులో ఎవరికైనా గాలి సోకిందని ఇంటివాళ్ళు వేపమండలు తెస్తుంటే, థర్మామీటరు పట్టుకొని పోయే మనిషిని నేను. నర్సు చదువు చదివినదాన్ని. దయ్యాలను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్ముతానని చెప్పను. ఆదోనిలో పనిచేసిన కాలంలో ఒక పగటిపూట నా కళ్ళముందు జరిగింది మాత్రం చెబుతాను. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు.

డెబ్బైల చివరి రోజులు. మా ఆసుపత్రిలో ధనుర్వాతం వచ్చిన పిల్లలకు వేరే గది ఉండేది. రెండే మంచాలు. కిటికీలకు నల్లగుడ్డ కట్టేవాళ్ళం. చెప్పులు బయటే విడిచి, గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళం. ఆ జబ్బులో వెలుతురు తగిలినా, గ్లాసు కింద పెట్టిన చప్పుడైనా పిల్లల ఒళ్ళు బిగుసుకొని విల్లులా వంగిపోతుంది. దవడలు కరుచుకుపోతాయి, ఊపిరి ఆగుతుంది. తెలివి మాత్రం పోదు. ఆ బాధంతా వాళ్ళకు తెలుస్తూనే ఉంటుంది.

కర్నూలు నుంచి నెలకోసారి వచ్చే పెద్ద డాక్టరు ఆ గదిలో ఒక పరిశోధన పెట్టారు. ఈ జబ్బు విషాన్ని విరిచే సీరం మామూలుగా కండకు ఇస్తాం. దాన్ని వెన్నులోకి ఇస్తే ఎక్కువమంది పిల్లలు బతుకుతారా అన్నది తేలాలి. ఎవరికి ఏది ఇవ్వాలో మేం ఎంచుకోకూడదు. అంటించిన కవర్లు వరుసగా ఉంటాయి. పిల్ల రాగానే పై కవరు చించాలి, లోపల ఏది రాసుంటే అది ఇవ్వాలి. చించే పని నాదే. ఆ తర్వాత గంటకు ఎన్నిసార్లు బిగుసుకున్నారు, ఎన్ని సెకన్లు అన్నది రాయాలి. రోజూ పొద్దున పళ్ళ మధ్య సన్నని చెక్కపుల్లలు పెట్టి నోరు ఎంత తెరుచుకుంటుందో కొలవాలి.

ఒక మంచంలో ఖాజా ఉండేవాడు. ఐదేళ్ళు. ఆదోనివాడే. తండ్రి లేడు. తల్లి మాబున్ని పత్తిమిల్లులో కూలి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, అంతే వాళ్ళకు తెలిసింది.

ఖాజా వచ్చిన రెండో రోజు గౌరిని తెచ్చారు. ఏడేళ్ళ పిల్ల. హాలహర్వి దాటి కర్ణాటక అంచున వాళ్ళ ఊరు. ఇంట్లో మాట్లాడేది కన్నడం. తండ్రి బసన్న, చిన్నాన్న ఈరన్న వెంట వచ్చారు. బస్సులో దారంతా పిల్లను చిన్నాన్నే ఒళ్ళో పెట్టుకున్నాడట. దించమంటే దించలేదు.

దెబ్బ ఎలా తగిలిందని అడిగాను. బసన్న నోరు తెరిచేలోగా తమ్ముడు అందుకున్నాడు.

"ముల్లిరిగింది సిస్టరమ్మా. తుమ్మముల్లు."

పిక్క మీద వేలెడు పొడవున గాయం. అంచులు విచ్చుకొని, పసుపు, బూడిద అద్ది ఉంది. ముల్లు ఇలా కోస్తుందా అనిపించింది. కానీ వాళ్ళు చెప్పిందే కాగితంలో రాశాను. పరిశోధన గురించి బసన్నకు రెండు ముక్కల్లో చెప్పేసి, వేలిముద్ర వేయమన్నాను.

"మీరెట్ల జేసినా సరే. పిల్ల లేసి కూసుంటే సాలు," అన్నాడు.

కవరు చించాను. కండకు అని ఉంది.

గౌరి వచ్చిన ఐదో రోజు పొద్దున్నే ఇద్దరినీ కొలిచాను. ఖాజా పళ్ళ మధ్య ఒక్క పుల్ల కూడా దూరలేదు. గౌరికీ అంతే. పదిన్నర దాటాక గౌరికి మొదలైన బిగుతు ఇక వదల్లేదు. తలా మడమలూ తప్ప ఒళ్ళంతా మంచం మీంచి లేచిపోయింది. నాలుక పళ్ళ కింద పడి నెత్తురు చెంపల మీదికి కారింది. ముఖం నల్లబడింది. శ్రీధర్ అని చిన్న డాక్టరు, నాకంటే ఒకట్రెండేళ్ళు పెద్ద, గొంతు కింద కోసి గొట్టం వేయడానికి కత్తి అందుకున్నాడు. కత్తి చర్మానికి తగిలేలోపే పిల్ల ఒళ్ళు ఒక్కసారిగా మంచం మీద పడింది. మళ్ళీ లేవలేదు.

బయట వరండాలో ఉన్న అన్నదమ్ముల చెవిన కవర్ల సంగతి అప్పటికే ఎవరో వేశారు. డాక్టరు తలుపు తీసి మాట చెప్పాడో లేదో, ఈరన్న ఆయన గొంతు పట్టుకొని గదిలోకి నెట్టుకొచ్చాడు.

"సీటీలెత్తి సూదేసినారంట! మా బిడ్డేమన్నా కోడిపుంజా, పందెం గాయనీకి?"

సెలైన్ కట్టే ఇనుప స్టాండు పీకాడు. సీసా నేలకు కొట్టుకొని పగిలింది. మొదటి దెబ్బ డాక్టరు అడ్డం పెట్టిన చేతికి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. రెండోది ముక్కు మీద. ఆయన గోడకు జారిపోయి, గాజుపెంకుల్లో పడ్డాడు. పడ్డాక కూడా ఈరన్న కడుపులో తన్నుతూనే ఉన్నాడు. నేను అడ్డం పోతే జుట్టు పట్టి విసిరేశాడు. మంచం కోడు చెవికి తగిలి నెత్తురు మెడ మీదికి వెచ్చగా దిగింది. కిటికీ గుడ్డ చిరిగి ఎండ లోపలికి పడింది. మాబున్ని గడపలో నిలబడి కొడుకు పేరు పెట్టి అరుస్తూ ఉంది.

నాకు ఖాజా గుర్తొచ్చాడు. ఇంత చప్పుడుకు, ఇంత వెలుతురుకు వాడు బతకడు. పాకుతూ పోయి వాడి మీద పడుకున్నాను.

వాడి ఒళ్ళు మెత్తగా ఉంది. నిద్రపోయే పిల్లవాడిలా కాళ్ళూ చేతులూ వదులుగా ఉన్నాయి. నా చెంప వాడి చెంపకు ఆని ఉంది. దవడ కదలడం నాకు తెలిసింది. తల ఎత్తి చూశాను. నోరు నిండుగా తెరుచుకుంది.

"కాకా, సుళ్ళు హేళబ్యాడ," అన్నాడు. "ముళ్ళల్ల అదు. కుడుగోలు. నీనే ఒగదీ."

మా అవ్వది కర్ణాటకలో సిరుగుప్ప దిక్కు. అందుకే నాకు అర్థమైంది. 'చిన్నాన్నా, అబద్ధం చెప్పొద్దు. అది ముల్లు కాదు. కొడవలి. నువ్వే విసిరినావు.' గొంతు ఖాజాదే. అరుపు లేదు, ఏడుపు లేదు. అన్నం పెట్టమని అడిగినట్టు మామూలుగా అన్నాడు.

ఈరన్న చేతిలో ఎత్తిన స్టాండు ఎత్తినట్టే ఆగింది. వాడు ఖాజాను చూడలేదు. పక్క మంచంలో ఉన్న గౌరిని చూశాడు. గౌరి కదల్లేదు.

ఈరన్న వెనకే లోపలికి వచ్చిన బసన్న అప్పటిదాకా ఎవరినీ తాకలేదు. తమ్ముడి దగ్గరికి వచ్చి అడిగాడు.

"ఔనా?"

"పిల్ల సూడక ఎద్దులు శేన్లో పడినాయన్నా," అన్నాడు ఈరన్న. "బెదిరిద్దామనే ఇసిరితి. తగలాలని గాదు."

బసన్న వాడి చేతిలోంచి స్టాండు తీసుకున్నాడు. మోకాలి మీద కొట్టాడు. కూలబడ్డాక భుజం మీద, తర్వాత నోటి మీద. ఈరన్న చేయి అడ్డం పెట్టుకోలేదు. పళ్ళు నేల మీద పడ్డాయి. జనం వచ్చి పట్టుకునేదాకా బసన్న ఆపలేదు.

నా కింద ఖాజా దవడలు టక్కున మూసుకున్నాయి. ఒళ్ళు బిగుసుకుంది. నలభై సెకన్లు లెక్కపెట్టాను. ఆ పనికి అంత అలవాటు పడిపోయాను.

పోలీసులు అన్నదమ్ములిద్దరినీ తీసుకుపోయారు. శ్రీధర్ గారికి స్పృహ లేదు కాబట్టి ఆయన ఏమీ వినలేదు. చేయి అతికింది కానీ మళ్ళీ ఆదోనికి రాలేదు. మాబున్ని విన్నది. మాటలు అర్థం కాలేదు, కొడుకు నోరు తెరవడం మాత్రం చూసింది. నా చేతులు పట్టుకొని, "ఎవరికీ సెప్పొద్దమ్మా, రేపు మావోడికి పిల్లనెవరిస్తారు," అని ఏడ్చింది. ఖాజా బతికాడు. మూడు వారాలకు నడిచి ఇంటికి పోయాడు. అడిగితే ఏమీ గుర్తులేదన్నాడు. కన్నడంలో నీళ్ళను ఏమంటారో కూడా వాడికి తెలియదు.

ఆ గంటకు ఖాజా కాగితంలో ఒకే బిగుతు, నలభై సెకన్లు అని రాశాను. పెద్ద డాక్టరు అది చూసి నన్ను కూర్చోబెట్టుకొని అంతా విన్నారు. కోప్పడలేదు. బిగుతు తగ్గడానికి ఇచ్చే మత్తుమందు ప్రభావం ఎక్కువైనప్పుడు కండలు కాసేపు వదులవ్వచ్చు అన్నారు. పక్క మంచంలో పిల్ల కలవరించిన మాటలు వీడి చెవిన పడి ఉండొచ్చు అన్నారు. కావచ్చు. కానీ గౌరి వచ్చేటప్పటికే దవడలు కరుచుకుపోయి ఉన్నాయి. ఆ ఐదు రోజులూ పళ్ళ సందుల్లోంచి "అవ్వా" అని అమ్మను పిలిచే మూలుగు తప్ప ఆమె నోట నేను మరో మాట వినలేదు.

బసన్న కొన్ని నెలలకు బయటికి వచ్చాడు. ఒక సంతరోజు మధ్యాహ్నం ఆ గది ముందు నిలబడి ఉన్నాడు. నన్ను కొడతాడేమో అనుకున్నాను. నేనే ముందు చెప్పాను. ఆ రోజు వేలిముద్ర వేయించుకునేటప్పుడు కవర్ల సంగతి నీకు అర్థమయ్యేట్టు చెప్పలేదు, తప్పు నాదే అన్నాను. తలూపాడు. అది వినడానికి రాలేదని తెలుస్తూనే ఉంది.

"మా గౌరి మళ్ళేమన్నా అనిందా, సిస్టరమ్మా?"

లేదన్నాను.

చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఆ మంచంలో అప్పుడు తుగ్గలి దిక్కు పాప ఒకతి ఉంది. వాళ్ళమ్మ ఒప్పుకుంది. నేల మీద గొంతుక్కూర్చొని, పాప ముఖంలోకి చూస్తూ సాయంత్రం బస్సు వేళదాకా ఉన్నాడు. ఆ తర్వాత ప్రతి సంతరోజూ వచ్చేవాడు. ఏ పిల్ల ఉంటే ఆ పిల్ల పక్కన కూర్చునేవాడు. ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. నేను ఎమ్మిగనూరుకు బదిలీ అయ్యేదాకా, మూడేళ్ళు, అలాగే వచ్చాడు.

ఆయన లేని రోజుల్లో, లెక్క రాస్తూ రాస్తూ, నేనూ చెవి ఒగ్గి విన్నాను. ఏ పిల్లా ఏమీ అనలేదు. ఆ ఒక్క పూట నేను విన్నది ఎవరి మాటో నాకు ఈనాటికీ తెలియదు.