బొంగరం నర్సు, షెడ్డు మీది ఎండ పలక

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. బొంగరం నర్సు అంటే చాలు. క్లినిక్ డాక్టరమ్మ తరఫున మంచం పట్టినవాళ్ల ఇళ్లకు తన చిన్న కారులో వెళ్లి, పుళ్లు కడిగి, కట్లు కట్టి, సూదులు వేసి వచ్చేది. ఒక ఇంట్లో చేతులు తుడుచుకునేటప్పటికే ఆమె కళ్లు తర్వాతి ఇంటి మలుపు దగ్గర ఉండేవి. అలాంటి మనిషి ఓ వాన పొద్దున ఎవరింటి మెట్ల మీదో జారి కుడి చీలమండ విరగ్గొట్టుకుంది. కాలికి పిండికట్టు, చంకల కింద కర్రలు. తిరిగే బొంగరాన్ని ఎవరో అరచేత్తో మూసేసినట్టయింది.

కారు షెడ్డులోకి వెళ్లింది. కొన్నాళ్లకే దాని బ్యాటరీ చచ్చింది. కదలని కారులో కూడా గడియారం, దొంగల అలారం చాటుగా కరెంటు తాగుతూనే ఉంటాయి. ఆమె భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ముందుగదిలో స్టూలెక్కాడంటే భోజనానికి పిలిస్తే తప్ప దిగని మనిషి. ఆయనే కొత్త బ్యాటరీ వేయించి, దాంతోపాటు ఓ చిన్న సోలార్ పలక తెచ్చాడు. షెడ్డు రేకుల మీద ఎండకు ఎదురుగా వాల్చి కట్టి, తీగను కిటికీలోంచి లాగి, ఎర్ర క్లిప్పు బ్యాటరీ ఒక కొనకు, నల్లది రెండో కొనకు తగిలించాడు.

"ఇది గబగబా నింపేసేది కాదు. కారిపోయినంత మేరకు బొట్టుబొట్టుగా పోస్తుంది, అంతే," అన్నాడు. "ఈ బ్యాటరీ కూడా చచ్చిందంటే మాత్రం కారు ఎవరికైనా ఇచ్చేద్దాం. డాక్టరమ్మ కౌంటర్లో కుర్చీ వేస్తానంటోందిగా. హాయిగా కూర్చుందువు."

హాయిగా అన్న మాట ఆమెకు సూదిలా దిగింది. కాలు నయమయ్యాక కారుతో వస్తే పాత ఇళ్లన్నీ నీవే, లేకపోతే ఇంకొకరికి ఇవ్వక తప్పదు అని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ ఇళ్లు, వాటి తలుపులు తెరుచుకునే చప్పుళ్లు, ఒక్కో గదిలో ఒక్కో రకం మందు వాసన, ఇవన్నీ ఇప్పుడు రేకుల మీద పడే ఎండకు వేలాడుతున్నాయి.

మంచం మీది నుంచి ఆమెకు షెడ్డు కప్పు కనపడుతుంది. పక్క మేడ నీడ పొద్దెక్కేకొద్దీ పిల్లిలా రేకుల మీదకు పాకేది.

"ఏవండీ, నీడ పడింది. పలక కాస్త ఇటు జరపండి."

"ఇందాకేగా జరిపాను."

"సూర్యుడు ఇందాకటి చోటే కూర్చున్నాడా, మీలాగా?"

ఆయన నిట్టూర్చి నిచ్చెన ఎక్కేవాడు. వెనక ఇంట్లోనే ఉండే ఆడపడుచు గోడ మీదుగా చూసి నవ్వేది. "వదినా, మా అన్నయ్యను పొద్దుతిరుగుడు పువ్వును చేసేశావు."

తీగ మధ్యలోని డబ్బాకు చిన్న పచ్చదీపం ఉంది. ఎండ వస్తోందని చెబుతుంది గానీ ఎంత నిండిందో చెప్పదు. ఆమె ఆగలేకపోయింది. ఓ మధ్యాహ్నం ఆయన కుట్టుమిషను కడుపులో తల దూర్చి ఉన్నప్పుడు, కర్రల మీద షెడ్డులోకి వెళ్లి, కారెక్కి, తాళం సగం తిప్పి హెడ్‌లైట్లు వేసింది. ఎదుటి గోడ వెన్నెల కాసినట్టు తెల్లబడింది. అమ్మయ్య అనుకుంది.

మర్నాడూ వెళ్లింది. ఆ తర్వాత రోజూ వెళ్లింది. పరీక్షే, ఇంకేం కాదు అనుకునేది. షెడ్డులో ఉక్కగా ఉందని ఫ్యాను వేసేది, నిశ్శబ్దం మీద పడుతోందని రేడియో పెట్టేది. స్టీరింగు మీద చేతులుంచితే గోడ మీది వెలుగులోంచి దారి పుట్టేది. బడి పక్క సందు, నీళ్ల ట్యాంకు మలుపు, కాలి పుండు మానని తాతగారి గేటు. ఇంట్లో ఏ కుర్చీలోనూ నిలవని ప్రాణం కదలని ఆ కారులో మాత్రం కాస్త ఊపిరి తీసుకునేది.

ఒకరోజు గోడ పసుపుపచ్చగా కనిపించింది. ఆమె కర్రలు టకటకలాడిస్తూ ముందుగదికి వచ్చింది. "మీ పలక పాడైపోయింది," అని ఆయన మీద పడింది. ఆయన నిచ్చెనెక్కి దుమ్ము తుడిచాడు. ఆ మర్నాడు ఆమె మరింత ముందే వెళ్లి, మరింతసేపు చూసింది. వెలుగు ఇంకా మసకేసింది.

షెడ్డు తలుపు కిర్రుమంది. ఆడపడుచు లోపలికి తొంగిచూసింది.

"ఎక్కడికి వదినా ప్రయాణం?"

"బ్యాటరీ చూస్తున్నా."

"లైట్లేసుకుని, గాలేసుకుని, పాటలు పెట్టుకుని చూస్తారా? ఎంతసేపయింది?"

"ఇప్పుడే."

"నీ మొహం. నేను బట్టలు ఆరేస్తున్నప్పుడు మొదలైన పాటలివి. అవి ఆరాయి, మడతపెట్టి మరీ వచ్చాను."

నర్సు గబుక్కున తాళం వెనక్కి తిప్పింది. రేడియో గొంతు తెగింది. ఒక చేతికి సెలైన్ ఎక్కిస్తూ, రెండో చేతి నుంచి రక్తం తోడేస్తూ, ఈ రోగి ఎందుకిలా పాలిపోతున్నాడని డాక్టర్ని తిట్టే నర్సు ఎక్కడైనా ఉంటుందా? ఉంది. ఇదిగో, ఈ సీట్లో కూర్చుంది.

"మీ అన్నయ్యకు చెప్పకు," అంది.

"చెప్పను. తాళం ఇటివ్వు."

ఇచ్చింది. ఇస్తూ ఇస్తూ వేళ్లు విడవలేదు. ఆడపడుచే లాక్కోవాల్సి వచ్చింది.

ఆ తర్వాతి రోజులే అసలు నరకం. బ్యాటరీ కోసం ఆమె చేయగలిగిందల్లా ఏమీ చేయకపోవడం. ఉన్న గుడ్డంతా కట్లకు కత్తిరించింది. మందుల పెట్టె సర్ది, చెరిపి, మళ్లీ సర్దింది. షెడ్డు తలుపు దాకా వెళ్లి, రేకుల సందుల్లోంచి దిగిన ఎండ గీతలు చూసి, వెనక్కి వచ్చింది. ఒకసారి గోడ దగ్గరకు వెళ్లి, "ఒక్కసారి ఇవ్వవే, ఇలా వేసి అలా ఆర్పేస్తా," అని బతిమాలింది.

"పిండి డబ్బాలో పడేశాను. మోచేతి దాకా ముంచి వెతుక్కో."

కట్టు విప్పారు. పాదం మాట వినడానికి ఇంకొన్ని వారాలు పట్టింది. డాక్టరమ్మ పనిలోకి రమ్మన్న పొద్దున ఆమె క్లిప్పులు రెండూ ఊడదీసి, సీట్లో కూర్చుని, ఆడపడుచు తిరిగిచ్చిన తాళం తిప్పింది. కారు మూలిగింది. పక్కన నిలబడ్డ భర్త ముఖం వైపు ఆమె చూడలేదు. మళ్లీ తిప్పింది. దగ్గి, దగ్గి, ఇంజను అందుకుంది.

"కాసేపు ఆపకుండా నడుపు, ఇంజను తిరిగితేనే బ్యాటరీ నిండుతుంది," అన్నాడాయన. "కుర్చీ సంగతి డాక్టరమ్మకు నేను చెబుతాలే, వద్దని."

దారి పొడవునా ఆమె ఇంజను చప్పుడే వింది. తాతగారి గేటు ముందు ఆగింది గానీ ఇంజను ఆపలేదు. ఆయన కూతురు బయటికొచ్చింది.

"ఇంజను ఆపి రండక్కా."

"ఉండనీ అమ్మా, ఎంతసేపు?"

"పొగంతా కిటికీలోంచి లోపలికొస్తోంది. నాన్నకు అసలే దగ్గు."

నర్సు తాళం మీద చెయ్యి వేసింది. లోపల తాతగారు దగ్గారు. ఆపేసింది. వీధంతా ఒక్కసారిగా ఖాళీ అయినట్టు అనిపించింది.

లోపల పుండు అంచులు మానుతూ గులాబీరంగు తేలి ఉన్నాయి. పాత కట్టు తడిపి మెల్లగా విప్పింది, ఎక్కడా లాగకుండా. చెవి మాత్రం గేటు దగ్గరే ఉంది.

"కారు చప్పుడు లేదేమిటి? నడిచొచ్చావా?" అన్నారు తాతగారు.

"ఆపేశాను తాతగారూ."

బయటికొచ్చి సంచి పక్క సీట్లో పడేసి తాళం తిప్పింది. ఒక్క తిప్పుకే అందుకుంది. ఇంకా చాలా ఇళ్లున్నాయి.