నూట యాభై ఏళ్ల బడి, పేరు లేని ఫ్లెక్సీ

మా పత్తికొండ బడికి నూట యాభై ఏళ్లు నిండాయి. ఫ్లెక్సీ మీద ‘నూట యాభై ఏళ్ల పండుగ’ అని వేయిద్దామన్నాను. ఇంగ్లీషు టీచరై ఉండి ఇదేం మాటని ఉత్సవ కమిటీ నా మీద పడింది. సరే, ఇంగ్లీషులో దాన్ని ‘సెస్క్విసెంటెనియల్’ అంటారని చెప్పాను. ఎవరికీ నోరు తిరగలేదు. అందుకే అందరికీ తెగ నచ్చింది.

ఈ రోజు పొద్దున ఫ్లెక్సీ షాపుకు వెళ్లాం. షాపాయన మహబూబ్ కంప్యూటర్ ముందు తల పట్టుకున్నాడు.

“సార్, ఈ మాట శానా పొడుగుండాది. మీ కమిటీ ఫోటోలన్నీ పట్టవు. ఏదో ఒకటి తీసేయల్ల.”

కమిటీ అధ్యక్షుడు క్షణం కూడా ఆలోచించలేదు. “ఫోటోలు తీస్తే మావోళ్లు ఊరుకోరు. ఆ మాట తీస్తే గొప్పేముంటాది? బడి పేరు తీసెయ్యప్పా, అది అందరికీ తెలిసిందే గదా!”

నేను ఎంత మొత్తుకున్నా ఒక్కరూ వినలేదు.

సాయంత్రం ఫ్లెక్సీని బడి గేటుకు కట్టించాను. పైన ఆ మాట, కింద దండం పెడుతున్న మొహాలు. టమోటా మార్కెట్ నుంచి వస్తున్న ఆటో డ్రైవరు బండి ఆపి అడిగాడు.

“ఏమప్పా, ఇంతమంది దండం పెడతాండారు, ఎవురు పోయినారు?”

బడి అని నోటిదాకా వచ్చింది. మీరైతే ఏం చెప్పేవారు?