కోట దర్వాజాలో ఎర్ర కారు

మొన్న ఆదివారం అక్కయ్య వాళ్లింట్లో భోజనాలయ్యాక మా మేనల్లుడు గోడ సగం ఆక్రమించిన ఆ టీవీలో ఒక వీడియో పెట్టాడు. ఇటలీ కారొకటి, జర్మనీ కారొకటి, రెండింటినీ మెలికలు తిరిగిన ఒకే ట్రాకు మీద విడివిడిగా నడిపించి, ఏ మలుపులో ఏది ఎంత వెనకబడిందో రెప్పపాటులో పదో వంతుతో సహా లెక్కగట్టి చూపిస్తున్నారు. ఇంజను బలమున్నది తిన్నని దారిలో దూసుకుపోతోంది, తేలికపాటిది మలుపుల్లో దాన్ని అందుకుంటోంది. నేను కుర్చీ అంచుకు జరిగి నోరు తెరుచుకుని చూస్తుంటే, పక్కన సోఫాలో కాళ్లు చాపుకున్న మా బావ, "గిదేముందిరా, నేను గిసొంటి కారుల కూసోని ఖిలా దర్వాజలకెల్లి పోయిన, ఒక్క తిప్పుల తిరిగింది" అన్నాడు. ఈ మాట నలభై ఏళ్లకు పైగా వింటున్నాను. విన్న ప్రతిసారీ కడుపులో మంట కొత్తగా రాజుకుంటుంది. మన ఈడు వాళ్లతో చెప్పుకోకపోతే ఇంకెవరితో చెప్పుకోను?

డెబ్బైల చివరి రోజుల సంగతి. మాది వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు. మగ్గం మీద మా నాన్న, అదే మా బాపు, కూర్చునేవాడు, గళ్ల కాగితం మీద నమూనాలు గీసే పని నాది. ఊళ్లో కారంటే డాక్టర్లదో కాంట్రాక్టర్లదో, బొద్దుగా నింపాదిగా పోయేది. నా మనసు మాత్రం స్టేషన్ రోడ్డులో పాత కాగితాల దుకాణం నుంచి తూకానికి తెచ్చుకున్న విదేశీ మోటారు పత్రికల్లో ఉండేది. ఇంగ్లీషు అంతంత మాత్రమే అయినా కారు పొడవు, వెడల్పు, ఇంజను బలం రాసిన పట్టికలు మాత్రం పూజా శ్లోకాల్లా నోటికొచ్చేవి. వాటిలో రెండు బొమ్మలు కత్తిరించి మగ్గం గుంజకు అతికించుకున్నాను. ఒకటి పొడుగు ముక్కు ఎర్ర కారు, రెండోది ఇంగ్లండు వాళ్ల చిన్న పచ్చ కారు. చిన్నదంటేనే నాకు ప్రాణం.

మా బావ డోర్నకల్‌లో రైలింజనులో బొగ్గు వేసే ఉద్యోగం చేసేవాడు. అక్కయ్యతో పెళ్లయి ఏడాది తిరగలేదు, అంటే మా ఇంట్లో ఆయన మాటకు తిరుగు లేని రోజులన్నమాట. వచ్చినప్పుడల్లా ఆ బొమ్మల ముందు నిలబడి, "జోరున్న ఇంజనుకు మలుపుతోని ఏం ఫికర్, బామ్మర్దీ?" అని ఎర్ర కారు పక్షం పట్టేవాడు. మాకు తెలిసిన రేసు ట్రాకు ఒకటే, ఖిలా వరంగల్ కోట దర్వాజా. శత్రువుల ఏనుగులు ఒక్క ఊపున వచ్చి తలుపులు గుద్దకుండా కాకతీయులు అక్కడ దారిని అడ్డదిడ్డంగా మలిపారు కదా, ఆ మలుపుల్లో ఏ కారు నెగ్గుతుందన్నదే మా తగువు. నేనూరుకుంటానా, పడుగు దారం పట్టుకెళ్లి దర్వాజా లోపల గోడకూ గోడకూ మధ్య కొలిచి, జంపఖానా నమూనా గీసినట్టే గళ్ల కాగితం మీద ఆ దారి మొత్తం గీశాను. గడికొక గజం. అట్టముక్కలతో అదే కొలతకు రెండు కార్లు కత్తిరించి నడిపి చూస్తే, పచ్చది చేపలా జారిపోయేది, ఎర్రదాని ముక్కు రెండో మలుపులో గోడకు తగిలేది. ఒకసారి వెనక్కు తీయందే తిరగదు. బావ నవ్వి, "కాయిదం మీద కారు నడుస్తదా?" అనేవాడు.

అంతలో ఒకరోజు పొద్దున్నే, అక్కయ్యా బావా మా ఇంటికి వచ్చి ఉండగా, మా వాకిట్లోకి ఆ ఎర్ర కారే వచ్చి ఆగింది. బొమ్మ కాదు, నిజం కారు. పెళ్లి పందిట్లోకి పెద్ద జంపఖానాలు కావాలని బాపుకు కబురు పెట్టిన హైదరాబాదు షావుకారు కొడుకు నమూనాలు చూడ్డానికి దాన్ని వేసుకొచ్చాడు. మా వాడ మొత్తం గుమిగూడింది. దాని వంపుల మీద పడిన ఎండను నేను వంగి వంగి చూశాను. బేరం కుదిరాక ఆయన, ఇంత దూరం వచ్చి కోట చూడకుండా పోతానా, దారి చూపడానికి ఎవరైనా వస్తారా అన్నాడు. ఉన్నవి రెండే సీట్లు. నేను తలుపు తీసి ఒక కాలు లోపల పెట్టేశాను కూడా.

"ఏందిరా, బావ నిలవడంగ నువ్వు కూసుంటవా? దిగు" అన్నాడు బాపు.

మీకు తెలియనిదేముంది, మన ఇళ్లల్లో అల్లుడు ఉండగా మొదటి పీట, మొదటి ముద్ద, మొదటి సీటు ఆయనవే. ఆ పరాయి మనిషి ముందు బావ చిన్నబోకూడదు. దిగాను. దిగుతూ బావ చెవిలో ఒకటే అడిగాను, రెండో మలుపులో వెనక్కు తీస్తాడో లేదో చూసి చెప్పమని. తల ఊపి ఎక్కాడు. ఆ కారు బజారు మలుపు తిరిగేదాకా నేను కళ్లల్లో నిప్పులు పోసుకుని చూశాను. బావ మీద అంత కోపం అంతకు ముందు లేదు, తర్వాతా రాలేదు.

వాళ్లు తిరిగొచ్చేదాకా గడపలోనే కూర్చున్నాను. కారు దిగిన బావ ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంది. పెరట్లోకి లాక్కెళ్లి అడిగితే గొంతు తగ్గించి, "పట్టాలు లేని జోరు బామ్మర్దీ, నాకు అలవాటు లేదు. దర్వాజ కాడ కండ్లు మూస్కున్న. మీ అక్కకు చెప్పకు" అన్నాడు. నా సీట్లో కూర్చుని కళ్లు మూసుకున్నాడు! ఏడుపొచ్చింది నాకు. వెంటనే సైకిలు తొక్కుకుంటూ దర్వాజాకు పోయాను, దుమ్ములో టైర్ల జాడలైనా చూద్దామని. అప్పటికే మేకల మంద నడిచిపోయింది.

సాయంత్రానికల్లా బావ అందరి ముందూ ఒక్క తిప్పులో తిరిగిందని చెప్పేశాడు. అల్లుడి మాటకు అడ్డం చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు, అక్కయ్య ముఖం ఎంత వెలిగిపోయిందో చూశాక అసలు చెప్పబుద్ధి కాలేదు. ఆ తర్వాత పెళ్లిళ్లల్లో, పేరంటాల్లో, రైల్లో, దవాఖానా వరండాలో కూడా ఆయన ఆ ప్రయాణం చెప్పడం, చుట్టూ ఉన్నవాళ్లు ఆయన్ని అబ్బురంగా చూడడం, నేను పక్కన కూర్చుని ఉడికిపోవడం మామూలైపోయింది.

మొన్న వీడియో అయిపోయి, అందరూ చాయ్‌లకని వంటింటి వైపు లేచాక, బావ అటూ ఇటూ చూసి నా దగ్గరకు వంగాడు. "ఇంతకు, ఆ రెండో మలుపు నిజంగ ఎట్ల తిరిగింటది బామ్మర్దీ? నీ కాయిదం ఏం చెప్పింది?" అన్నాడు. ఇన్నేళ్లూ ఆయనకూ అదే ముల్లు. నేను టీపాయ్ మీద వేలితో దర్వాజా గీసి, రిమోటును ఎర్ర కారు చేసి, గోడ దాకా తెచ్చి, ఒకసారి వెనక్కు తీసి చూపించాను. ఆయన రిమోటు వంకే చూసి, అయితే నువ్వే గెలిచినవ్ అన్నాడు.

గెలిచాను సరే, కడుపుమంట చల్లారిందా అంటే లేదు. ఇప్పుడు ఏ కారు ఏ మలుపులో ఎలా పోతుందో మేనల్లుడి చేతిలో ఫోను చెప్పేస్తుంది, ఒక ప్రశ్నను ఇన్నేళ్లు మోయాల్సిన పని ఎవరికీ లేదు, బావ కోసం సీటు దిగేవాళ్లూ లేరు. కొత్తవాడ నుంచి దర్వాజా దాకా దారి నున్నగా తారు పోసి ఉంది. అటుగా ఆటోలో పోయినప్పుడల్లా రెండో మలుపులో నేను రెండు కళ్లూ తెరుచుకునే ఉంటాను. ఆ రోజు బాపు ఒక్క నిమిషం ఆలస్యంగా చూసి ఉంటే ఎంత బాగుండేదో.