సమ్మెలో పనిచేసినవి

సకల జనుల సమ్మె రోజుల్లో జనగామ దీక్షా శిబిరంలో అమర్‌సింగ్ షుగరు పుండు కాలు చాపుకుని, కరపత్రంతో ఈగలు తోలుతూ కూర్చునేవాడు. కునుకు పడితే ఆ కాగితం జారిపోయేది, ఈగలు కట్టు మీద వాలేవి. ఎదుట చాయ్ కొట్టు అరుణ సగం షట్టరెత్తితే చాలు, "సమ్మెల పనేంది చెల్లె, సిగ్గు లేదా?" అనేవాడు. బొటనవేలు తీసేయాలన్న హన్మకొండ డాక్టరు దగ్గరికి పోవడానికి బస్సుల్లేవు. వారం తర్వాత ఆ డాక్టరే శిబిరానికి మద్దతుగా వచ్చి కట్టు విప్పితే, మల్లెమొగ్గల్లాంటి పురుగులు మెదిలాయి. అమర్‌సింగ్ కళ్లు మూసుకున్నాడు.

"కుళ్లంత తినేసినయన్నా. వీటి రసానికి చీములోని క్రిములు చస్తయి. నీ వేలు దక్కింది," అన్నాడు డాక్టరు.

"అందరం సమ్మెల ఉంటే గివి డ్యూటీ చేసినయా సార్?"

వేలిని చూసుకుని, అమర్‌సింగ్ ఎదుటి కొట్టు వైపు తిరిగాడు. "చెల్లె, షట్టరు జర పూర్తిగ ఎత్తు. సారుకు చాయ్ పొయ్యి."