అయిదు వేళ్లు

ఆ రోజుల్లో దుబాయ్‌లో మాకు ఇంగ్లీషు నేర్పింది ఏ పంతులూ కాదు, మా సైటు మీది అమెరికా ఫోర్‌మన్. నేర్చినవన్నీ తిట్లే అనుకోండి (ఇప్పటికీ మరిచిపోలేదు, మనవల ముందు అననంతే). వాటి మధ్య మంచి మాట ఒక్కటే దొరికింది: 'ఫిఫ్త్'. ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, వచ్చి పని ఎందుకు వెనకబడిందని నిలదీస్తే, ఫోర్‌మన్ నవ్వుతూ అరచెయ్యి ఎత్తి ఆ మాట అనేవాడు. స్టోరు చూసే హైదరాబాదు భాయ్ మాకు విడమరిచాడు: "జవాబు చెప్తే తనే ఇరుక్కుంటడనుకో, నోరు మూస్కొని కూసునే హక్కు వాళ్ల రాజ్యాంగంల అయిదో సవరణ ఇచ్చిందట." ఇంకేం, క్యాంపంతా రాజ్యాంగమే! పచ్చడి సీసా ఎవడు ఖాళీ చేశాడంటే అయిదు వేళ్లు. స్నానాల నీళ్లు ఎవడు తోడేశాడంటే అయిదు వేళ్లు.

అందరికంటే ఎక్కువ వాడింది మా గదిలో మేమంతా మామ అని పిలిచే జగిత్యాల వైపు వడ్రంగి. స్లాబులకు చెక్కలు కొట్టడం ఆయన పని. ఊళ్లో సొంత ఇంటికి గోడలు లేపాడు గానీ కప్పు పడలేదు. "స్లాబు వడంగనే ఖలాస్, ఇంటికే" అనేవాడు. కూరలో ఉప్పు బదులు చక్కెర వేసి, "ఎవలేశిండ్రే మామా?" అంటే చెయ్యి ఎత్తేవాడు. పడీ పడీ నవ్వేవాళ్లం. సుత్తితో మేకును వదిలి బొటనవేలు కొట్టుకున్నా నవ్వాం. కళ్లు మసకేస్తున్నాయని ఒక్కడికీ తట్టలేదు, మా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఒకనాడు మామ పైన పరంజా పలక అంచు దాటి అడుగు వేయబోతే పక్కవాడు పట్టుకున్నాడు. ఆ సంగతి ఫోర్‌మన్ చెవిన పడింది. మర్నాడు పొద్దున్నే పైకి వచ్చి, కింద క్రేన్ వైపు చూపిస్తూ, "అక్కడ ఎవరున్నారో చెప్పమను" అన్నాడు నాతో. నేను తెలుగులో చెప్పాను. మామ అటు చూశాడు. కళ్లు చికిలించి ఇంకోసారి చూశాడు. తర్వాత నవ్వుతూ అయిదు వేళ్లెత్తి, "ఫిఫ్త్, సాబ్" అన్నాడు. మేం గొల్లుమన్నాం. తన మాట తనకే తిరిగొచ్చినందుకు ఫోర్‌మన్ కూడా నవ్వబోయి ఆగిపోయాడు. మామ ఎత్తిన చెయ్యి దించకుండా ఇంకా కింద వెతుకుతూనే ఉన్నాడు. ఫోర్‌మన్ ఆ చెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టూ చెబుతూ, తానే కిందికి దించాడు.

నెల తిరక్కుండా మామ వీసా రద్దయింది. పెట్టెకు తాడు కడుతూ, ఉండబట్టలేక అడిగాను: "మరి ఇల్లెట్లనే మామా?" పాపిష్టి ప్రశ్న. ఈసారి ఆయన చెయ్యి ఎత్తలేదు. "రేకులేస్కుంటరా అల్లుడా. వాన వడితె సప్పుడన్న ఇనవడ్తది" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

మొన్న మా అమ్మాయి పేపరు నా ముందు పెట్టి, "ఇదేంటో చదువు నాన్నా" అంది. చూశాను. ఇంకోసారి చూశాను. ఎత్తాను అయిదు వేళ్లు. దానికి ఈ కథ తెలుసు, అందుకే నవ్వలేదు, లేచి కళ్ల డాక్టరుకు ఫోను చేసింది. నేనే నవ్వాను. మామ కూడా నవ్వుతూనే కదా ఎత్తాడు.